అందుకునే జాగ

2024 జూన్ 2 సాయంత్రం మహబూబాబాద్ జిల్లా గంగారంలో ఒక చాయ్ హోటల్ బల్ల మీద సెల్‌ఫోన్ పెట్టుకొని ఆరేడుగురం 'జయ జయహే తెలంగాణ' కొత్త రికార్డు విన్నాం. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో ఆ పొద్దున విడుదలైన పాట, మాపటికల్లా ఊళ్ళో ఫోన్లన్నిటికీ చేరింది. మాలో ఒక పెద్దాయన తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాం పాటల బృందాల వెంట డప్పు పట్టుకొని తిరిగినవాడు. పాట అయ్యేదాకా కండ్లు మూసుకొని విన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "మంచిగనే ఉన్నది గాని బిడ్డా, మనం అందుకునే జాగ ఏది?" అన్నాడు.

పత్రికల్లో ఆ రోజుల్లో నడిచిన రచ్చ వేరు. 2024 ఫిబ్రవరి 4న మంత్రివర్గం ఈ పాటను రాష్ట్ర గీతంగా ఒప్పుకున్నాక సంగీతం పని ఎం.ఎం. కీరవాణికి అప్పగించారు. తెలంగాణ గీతానికి ఆంధ్ర సంగీత దర్శకుడేమిటని తెలంగాణ సినీ మ్యుజిషియన్స్ అసోసియేషన్ ముఖ్యమంత్రికి లేఖ రాసింది. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. అయితే అంతకు ముందటి ఏడే ఆస్కార్ గెలిచిన 'నాటు నాటు'కు బాణీ కట్టింది కొవ్వూరులో పుట్టిన కీరవాణి, మాట కట్టింది మన భూపాలపల్లి జిల్లా చల్లగరిగె బిడ్డ చంద్రబోస్. అప్పుడు ఎవరూ జిల్లా అడగలేదు. ఊరి లెక్క కంటే చాయ్ హోటల్ పెద్దాయన అడిగిన ప్రశ్నే నాకు పెద్దదిగా తోచింది. దానికి జవాబు పాట కట్టుబడిలోనే ఉంది.

ఈ పాట రాసిన అందెశ్రీ పుట్టింది రేబర్తిలో. బడి మెట్టు ఎక్కలేదు. జీవాలు కాశాడు, తాపీ పని చేశాడు. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 'గంగ' సినిమా పాటకు 2006లో నంది వచ్చింది. 'మాయమైపోతున్నడమ్మ' పాట 'ఎర్ర సముద్రం' సినిమా దాటి ఇంటింటికీ పోయింది. ఆయన కాగితం ముందర పెట్టుకొని రాసేవాడు కాడు. గొంతులో కట్టి, గొంతులోనే సరిచూసుకొని, పాడి వినిపించేవాడు. అందుకే ఆయన పాటను కంటితో చదివితే సగమే తెలుస్తుంది.

పల్లవి తీసుకోండి. తెలంగాణ పాటగాళ్ళలో చాలామంది ఇంటి మాటను, వాడ మాటను పట్టుకుంటే, బడికి పోని ఈ మనిషి నిండు సంస్కృత పదాలను పట్టుకున్నాడు. గద్దర్‌ను, గోరటి వెంకన్నను విన్న చెవికి ఇది మొదట కొంచెం ఎడంగా ఉంటుంది. కానీ ఆ పదాలు ఎక్కడ ముగుస్తున్నాయో చూడండి. పల్లవిలో ప్రతి పాదం చివర సున్నా. అనుస్వారం మీద పెదవులు మూసుకున్నా ముక్కులోంచి నాదం సాగుతూనే ఉంటుంది. వెయ్యి మంది పాడుతుంటే అందరూ ఒక్కసారి ఆగరు. ముందున్నవాళ్ళు ఆగినప్పుడు వెనకున్నవాళ్ళు ఇంకా ఆ పదంలోనే ఉంటారు. ఆ 'మ్' అన్న మోత ముందువెనుకలను కలిపేస్తుంది. మాటలు తెలియనివాడు కూడా ఆ మోత దగ్గర గొంతు కలపగలడు. ఇది వ్యాకరణం చదివి తెచ్చుకున్న తెలివి కాదు, గుంపులో నిలబడి పాడినవాడి తెలివి.

చరణంలోకి రాగానే పని మారుతుంది. పోతన, రుద్రమ, కొమురం భీం పేర్లు వరుసగా వస్తాయి. ప్రతి పేరు వెనక 'డ్డ' అన్న ద్విత్వం పడుతుంది. పల్లవిలో తంబుర మోగితే ఇక్కడ డప్పు దెబ్బ పడుతున్నది. మూడు దెబ్బలు అయ్యాక చెవికి అలవాటు పడుతుందనగా రామప్ప దగ్గరికి వచ్చి దెబ్బను 'ప్ప'కు మారుస్తాడు. రామప్ప పేరులో ఉన్న ఆ శబ్దాన్నే పట్టుకొని గోల్కొండ, చార్మినార్ దాకా లాక్కుపోతాడు. శిల్పానికి ఒక దెబ్బ, వీరానికి ఒక దెబ్బ. తాపీ మేస్త్రీ కదా, ఇటుక ఇటుకకూ మధ్య ఎంత మాలు పెట్టాలో తెలుసు. రసమట్టం పెట్టి చూసినా ఎక్కడా వంకర దొరకదు.

చరణం చివర 'జై తెలంగాణ' అన్న నినాదం ఉంది. అది పాటలో మాట కంటే ఎక్కువగా, పాటలో వదిలిన ఖాళీ. పాడేవాడు అక్కడ ఊపిరి తీసుకుంటాడు, గుంపు అందుకుంటుంది. పెద్దాయన అడిగిన జాగ అదే. కొత్త రికార్డులో ఆ జాగలో కోరస్ ఉంది. ఖాళీ నిండిపోయింది గనుక, వినేవాడికి పని లేకుండా పోయింది.

మన పాత రాష్ట్ర గీతం 'మా తెలుగు తల్లికి' పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. శంకరంబాడి సుందరాచారి రాసినది, టంగుటూరి సూర్యకుమారి గొంతులో ఊరూరా తెలిసినది. అది ఒకరు తియ్యగా పాడితే పదిమంది నిలబడి వినే పాట. అందెశ్రీది నడుస్తూ పాడే పాట. ఒక్కో పాదం ఒక్క ఊపిరికి సరిపోతుంది. గంగారం మండలంలో ఈ లెక్క ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు దేవుణ్ణి అడవి దారిలో కాలినడకన మేడారం జాతరకు తీసుకుపోయే జనం వీళ్ళు. అడుగుకూ డప్పుకూ ఉన్న పొత్తు పుట్టుకతోనే తెలుసు.

కీరవాణి పనిని తక్కువ చేయను. పల్లవికి వాద్యబృందం మేలే చేసింది. అనుస్వారాల మోతకు కింద ఇంకో మోత చేరి, ఒక్క ఫోన్లోంచి కూడా గుంపు వినిపిస్తుంది. 'డ్డ' దెబ్బ మాత్రం నా చెవికి కొంత మెత్తబడినట్టే అనిపించింది. ఇంకో సంగతి, పాడింది యువ గాయకులు. ఏళ్ళ తరబడి వేదికల మీద అరిగిన అందెశ్రీ గొంతులోని గరుకు ఇందులో లేదు. అది కొరతే.

ఈ కూర్పులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న మరమ్మతు. ఉద్యమకాలపు పల్లవిలో పది జిల్లాల ప్రస్తావన ఉండేది. 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడు. గంగారం వరంగల్ నుంచి మహబూబాబాద్‌కు వచ్చింది. రామప్ప గుడి వరంగల్ నుంచి భూపాలపల్లికి, అక్కడి నుంచి ములుగుకు పోయింది. కవి పుట్టిన రేబర్తి కూడా సిద్దిపేటలో కలిసింది, అయినా జనం ఆయనను జనగామ దిక్కు మనిషనే అంటారు. అంకె పాతబడింది, తీయాలి. తీసి ముప్పై మూడు పెడితే పాట విరుగుతుంది. అందెశ్రీ అంకె జోలికే పోలేదు. అదే 'ప' అక్షరం, అదే తూకం ఉన్న వేరే మాటను ఆ సందులో కూర్చాడు. పాత గోడలో ఒక ఇటుక ఊడదీసి కొత్తది పెట్టి, అతుకు కనబడకుండా పూసినట్టుంది. హోటల్లో ఒక పంతులు సారు ఒప్పుకోలేదు. "పది పోతే ఉద్యమం యాది పోయినట్టే అన్నా" అన్నాడు. నేను ఆయనతో వాదించలేదు గాని, ఇప్పటికీ నా ఓటు కొత్త మాటకే.

ప్రభుత్వం పాటను రెండు తీర్లుగా తెచ్చింది. రెండున్నర నిమిషాలది ఒకటి, పదమూడున్నర నిమిషాలది ఒకటి. చిన్నది సభలకు సరే, కానీ అది గుమ్మం మాత్రమే. ఇల్లు చూడాలంటే పెద్దదే వినాలి. ఆ ఏడు వానాకాలంలో ఒక పొద్దున గంగారం బడి ముందు నుంచి పోతుంటే ప్రార్థనలో పిల్లలు ఈ పాటే పాడుతున్నారు. మైకు లేదు, వాద్యాలు లేవు. కొమురం భీం పేరు దగ్గర కోయ పిల్లల గొంతులు ఒక్క మెట్టు పైకి లేచాయి. చరణం చివర ఎవరూ సైగ చేయకుండానే అందుకున్నారు.

అందెశ్రీ 2025 నవంబరు 10న హైదరాబాద్‌లో కన్నుమూశాడు. ఆ పెద్ద రికార్డును ఒకసారి పూర్తిగా వినండి. విన్నాక ఫోన్ పక్కన పెట్టి, నలుగురు కూడి పాడండి. పోతన పేరు వచ్చే పాదం చివర బల్ల మీద చెయ్యి వేసి కొట్టండి.