రహీము: నీతికవి, రాజద్రోహి

అబ్దుర్రహీం ఖాన్‌ఖానా (1556–1627) దోహాలను చదివేవారు సాధారణంగా రెండు మార్గాలలో ఒకదానిని అనుసరిస్తారు. కొందరు ఆయన రాజకీయ జీవితాన్ని విస్మరించి నీతికవిగా మాత్రమే ఆరాధిస్తారు. మరికొందరు ప్రతి దోహాకూ ఆయన కష్టాలలో ఒకదానిని జతచేసి కథ అల్లుతారు. ఈ రెండు మార్గాలూ కవికి న్యాయం చేకూర్చవు.

1622లో పారశీక ప్రభువు షా అబ్బాసు కాందహారును ఆక్రమించాడు. అక్కడికి దండు నడపవలసిన యువరాజు షాజహాను తండ్రి జహంగీరుపైనే తిరుగబడ్డాడు. తాను దూరమైతే నూర్జహాను తన అల్లుడైన షహ్రియారుకు సింహాసనం దక్కేటట్లు చేస్తుందని అతని భయం. 65 ఏండ్ల రహీము, కుమారుడు దారాబుతో కూడ, షాజహాను పక్షం వహించాడు. 1623లో ఆయన బాదుషా సేనాని మహాబతుఖానుతో రహస్యంగా జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు బయటపడగా, షాజహాను తండ్రీకొడుకులను నిర్బంధించాడు. పిమ్మట ప్రమాణం చేయించి సంధికై పంపగా, రహీము బాదుషా పక్షానికే చేరిపోయాడు. షాజహాను వద్ద మిగిలిన దారాబు తుదకు జహంగీరు ఆజ్ఞపై వధింపబడ్డాడు. ముదిమిలో రహీము చేసిన ద్రోహాన్ని జహంగీరు తన స్వీయచరిత్రలో తీవ్రంగా గర్హించాడు. అయినా క్షమించి బిరుదు తిరిగి ఇచ్చాడు.

ఈ చరిత్ర దోహాలకు టీక కాజాలదు. దోహాలకు తేదీలు లేవు. ప్రేమను దారంతో పోల్చిన దోహాను 1623నాటి పశ్చాత్తాపమనడం సాహసమే. కాని అందులోని భావాన్ని గమనించండి: తెగిన దారాన్ని కలుపవచ్చును, ముడి మాత్రం మిగిలిపోతుంది. నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో దర్బారులో కన్నులార చూచినవాడు చెప్పదగిన మాట యిది.

అనువాదకునికి చిక్కు ఇక్కడే. పంక్తికి 24 మాత్రలుండే దోహాలో రహీము ఒక మాట చెప్పి, ప్రక్కన ఒక దృష్టాంతం నిలిపి, తాను తప్పుకొంటాడు. ఆటవెలదిలోనికి తెచ్చేసరికి వేమన గొంతు వచ్చి చేరుతుంది. పరిశీలన గద్దింపుగా మారుతుంది. 'పానీ' అనే ఒక్క శబ్దంతో ఆయన నీటిని, ముత్యపు కాంతిని, మనిషి మానాన్ని ఏకకాలంలో పలికిస్తాడు. తెలుగులో మూడు మాటలు వాడగానే శ్లేష నశించి నీతి ఒక్కటే మిగులుతుంది.

మానం విలువను అంత సూక్ష్మంగా తూచిన కవి తన మానాన్ని ఉభయపక్షాల వద్దా పోగొట్టుకొన్నాడు. మాటకూ నడతకూ పొంతన లేదని ఆయనను త్రోసిపుచ్చడం సులభం. కాని నీతి తప్పడం ఎంత తేలికో ఎరిగిన కంఠం గనుకనే ఆ దోహాలలో దర్పం లేదు. తెలుగు చేసేటప్పుడు ముందుగా కాపాడుకోవలసినది ఆ అణకువనే.