వినియోగదారుని సమ్మతి - తెలుగు నోటీసు భాష: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వినియోగదారునికి తన భాషలో నోటీసు చదువుకునే వీలు కల్పించింది. అయితే ఆ నోటీసులోని తెలుగు అర్థం కానప్పుడు, దానిపై ఇచ్చే సమ్మతి పేరుకే మిగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఉపోద్ఘాతం:
గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఆరేళ్ల తరువాత, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో ముందుగా తెలిపి సమ్మతి పొందడం ఈ చట్టానికి మూలసూత్రం. కొన్ని సందర్భాలకు మాత్రమే మినహాయింపు ఉంది.

2. దుకాణంలో వినిపించే భాష:
నిత్యజీవితంలో సమాచార సేకరణ నోటీసుతో కాక మాటతో మొదలవుతుంది. బిల్లు వేసేవారు "మీ నంబరు ఇస్తారా?" అని అడగడం అరుదు, "నంబరు చెప్పండి" అంటారు. వ్యాకరణరీత్యా ఇది విధ్యర్థకం. 'అండి' అనే గౌరవవాచకం ఆజ్ఞను మృదువుగా చేస్తుందే తప్ప, కాదనే అవకాశమివ్వదు. మర్యాదగా అడిగినవారికి లేదని చెప్పడానికి వినియోగదారుడు మొహమాటపడతాడు. ఫోన్ నంబరు కోసం పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో చిల్లర వ్యాపారులకు సూచించింది. కానీ చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం, వినియోగదారుడు ఒక ప్రయోజనం కోసం స్వచ్ఛందంగా ఇచ్చిన సమాచారాన్ని, వద్దని తెలపనంతవరకు, ఆ ప్రయోజనానికి వాడుకోవచ్చు. విధ్యర్థకంతో రాబట్టిన నంబరు స్వచ్ఛందమవుతుందా? మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి. ఈ నిబంధన దానిని పూర్ణాంగీకారంగా మార్చే ప్రమాదం ఉంది.

3. నోటీసులో కనిపించే భాష:
సమ్మతి కోరే అభ్యర్థన స్పష్టమైన, సరళమైన భాషలో ఉండాలని, దానిని ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చూసుకునే వీలుండాలని 6వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ చట్టం కోరింది 'వీలు' మాత్రమే. ఇంగ్లీషు పాఠాన్ని ముందుంచి, తెలుగును తెర మూలన ఒక మీటకు పరిమితం చేసిన సంస్థ కూడా తాను చట్టాన్ని పాటించానని వాదించగలదు.

తెలుగు కనిపించినంత మాత్రాన సమస్య తీరదు. ఉదాహరణకు ఇలాంటి వాక్యాన్ని ఊహించవచ్చు: "నిర్దిష్ట ప్రయోజనార్థం వ్యక్తిగత దత్తాంశ ప్రక్రియాకరణకు నిర్ద్వంద్వ సమ్మతిని ప్రదానం చేయుచున్నాను." ఇందులో ఎవరు, ఏమి, ఎందుకు అన్నవి తెలియవు. దీనినే "మీ నంబరును బిల్లు పంపడానికే వాడతాం. ఎప్పుడైనా వద్దనవచ్చు" అని రాస్తే కర్త, ప్రయోజనం, ఉపసంహరణ హక్కు మూడూ తెలుస్తాయి. సరళత వల్ల శాస్త్రీయ నిర్దిష్టత పోతుందనే అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. అయితే పారిభాషిక పదాన్ని ఉంచి, పక్కనే వాడుకమాటలో వివరిస్తే ఆ చిక్కు తీరుతుంది.

4. 'గోప్యత' అర్థపరిధి:
తెలుగులో 'గోప్యం' అనగానే దాచవలసినదనే అర్థం స్ఫురిస్తుంది. అందుకే "దాచడానికి నా దగ్గరేముంది?" అనే మాట తరచుగా వినిపిస్తుంది. కానీ 'గుప్' ధాతువుకు రక్షించడమనే అర్థమూ ఉంది. 'గోప్త' అంటే రక్షకుడు. ఈ రెండవ అర్థాన్ని వ్యవహారంలోకి తెస్తే గోప్యత అంటే రహస్యం కాదని, తనకు చెందిన వివరాలపై తన అధికారమని బోధపడుతుంది.

5. ముగింపు:
భద్రతా చర్యలలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ సొమ్ము భారత సంచిత నిధికి చేరుతుందే గాని నష్టపోయిన వ్యక్తికి అందదు. పైగా నష్టపరిహారానికి ఆధారంగా ఉండిన సమాచార సాంకేతికత చట్టంలోని 43ఏ సెక్షన్ తొలగింపునకు కూడా ఈ కొత్త చట్టమే ఏర్పాటు చేసింది. ఈ స్థితిలో ముందే చదివి, తెలుసుకుని నిర్ణయించుకోవడం వినియోగదారునికి ముఖ్యమైన రక్షణ. కనుక తెలుగు నోటీసుల రచన అనువాద యంత్రాలకు వదిలిపెట్టదగిన పని కాదు. వాటిని సామాన్య పాఠకులచేత చదివించి, అర్థమైనదీ లేనిదీ పరీక్షించే బాధ్యతను విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు స్వీకరించాలి.