పేడ లెక్కలో వాడ లేదు

ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం పిల్లలు పల్లెల కోసమని చేసే ప్రాజెక్టుల రిపోర్టులు మేం కొన్ని చదివాం. గోబర్ గ్యాస్, పొగ రాని పొయ్యి, సోలార్ దీపం. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ మొదలయ్యాక కాలేజీలు ఊళ్లని దత్తత తీసుకుంటున్నాయి గనక ఇవి ఇంకా వస్తూనే ఉంటాయి. పిల్లల మనసుని మేం శంకించడం లేదు. వాళ్ల లెక్కనే శంకిస్తున్నాం.

గోబర్ గ్యాస్‌నే తీసుకుందాం. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకి రోజుకి దాదాపు 50 కిలోల పేడ, ఇంచుమించు అన్నే నీళ్లు కావాలి. పశువుకి 10 కిలోలనుకున్నా ఐదు పశువులుండాలి. రిపోర్టులో ఏం రాస్తారు? నూరిళ్లు, ఐదొందల పశువులు, సగటున ఇంటికి ఐదు, కాబట్టి ఊరంతటికీ గ్యాస్ సాధ్యమే అని. ఈ సగటు ఎవరింట్లో కట్టేసి ఉంది? పశువులు ఎక్కువగా ఉండేది భూమి ఉన్నోళ్ల కొట్టాల్లో. ఆ కొట్టం ఊడ్చి పేడ గంపకెత్తేది చాలాచోట్ల వాడ నుంచి వచ్చిన ఆడమనిషి, కాదంటే జీతగాడు. ‘ఊరు’ అని రాసిన చోట వాడ మాయమైంది. దాని చాకిరీ మాత్రం ‘ఉచితంగా లభించే ముడిసరుకు’ అన్న మాటలో దూరిపోయింది.

ఇంకో సంగతి. పశువుల్లేని మన ఆడోళ్లు దారుల్లో, బీళ్లలో పేడ ఏరి పిడకలు చేసుకుంటారు, అమ్ముకుంటారు కూడా. ఖరీదు లేనంత కాలమే ఆ పేడ వాళ్లది. ఆసామి పెరట్లో ప్లాంటు లేచిన్నాడు పేడ సొత్తవుతుంది. ఆయనింట్లో పొగ పోతుంది, వాడలో కట్టెల కోసం నడక పెరుగుతుంది. తర్వాతి ప్రభుత్వ పథకాల్లో ఎస్సీ, ఎస్టీలకి సబ్సిడీ కొంత ఎక్కువే పెట్టారు. గొడ్డు లేనోడు సబ్సిడీని తొట్టిలో కలుపుకుంటాడా?

ఇట్లాగే జరగాలనేమీ లేదు. 1974లో బెంగుళూరు ఐఐఎస్సీలో అమూల్య రెడ్డి ఆధ్వర్యాన మొదలైన అస్త్ర బృందం, కర్ణాటకలోని పురా గ్రామంలో ముందు మనుషుల శ్రమనే కొలిచింది: కట్టెలకి, నీళ్లకి ఎవరికి ఎన్ని గంటలు పడుతున్నాయని. ఊరందరి వంటకీ పేడ చాలదని తేలింది. 1987లో ఆ గ్యాసుతో ఇంజను తిప్పి దీపాలకి, కుళాయి నీళ్లకి మళ్లించారు. పేడ మోసుకొచ్చినోళ్లకి డబ్బులిచ్చారు, స్లర్రీ తిరిగిచ్చారు. మోత అక్కడ ఉచితం కాదు, పద్దులో ఎక్కింది.

మా దగ్గరికొచ్చే విద్యార్థుల్లో చిన్నప్పుడు తల్లెంబడి కొట్టాలు ఊడ్చినోళ్లున్నారు. ఒకతను ఈ సంగతి రిపోర్టులో రాస్తానంటే, ‘అది సోషియాలజీ, మనకెందుకయ్యా’ అన్నాడట గైడు. మోటారు నీళ్లెత్తితే హార్స్‌పవర్‌లో రాస్తారు, మనిషి 50 కిలోలెత్తితే సోషియాలజీ! పశువుల సంఖ్య పక్కన ఇంకో మూడు గడులు గియ్యమని ఆ కుర్రాడికి చెప్పాం: కొట్టం ఎవరిది, ఎత్తేదెవరు, ఇన్నాళ్లూ ఏరుకున్నదెవరు. గైడు ఒప్పుకోకపోతే అనుబంధంలోనైనా పెట్టమన్నాం.