డిస్ట్రిబ్యూటర్ మూత కింద

ఈ వారం నాకు ఒళ్లు మండించినవాడు నా మిత్రుడే. ఇంగ్లండులో నేనుండే ఈ అబింగ్డన్ ఊళ్లో, శనివారాలు మేం కొందరం చేరి బాగుచేస్తున్న 1965 ఎంజీబీ కారు సంగతి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. తలుపుల కింద తుప్పుపట్టిన సిల్స్ కోసేటప్పుడు బండి నడుం కుంగి తలుపులు పట్టవేమోనని నేను పడ్డ బెంగా మీకు తెలుసు. ఆ గండం గడిచింది. ఇక ఇంజిన్ స్టార్ట్ చేయడమే అనుకుంటుంటే, ఆ మిత్రుడు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే పాయింట్లూ కండెన్సరూ పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడదామన్నాడు.

నా పాతపాట మీకు కంఠతా వచ్చేవుంటుంది. పాత బండిని పాతగానే ఉంచాలి. 1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు ఐదు లక్షలకు పైనే తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు కరువు లేదు. పాత అచ్చులతోనే గుద్దిన కొత్త బాడీ షెల్ కూడా 1988 నుంచి దొరుకుతోంది. అది కొందామంటేనే ససేమిరా అన్నవాణ్ణి, ఇగ్నిషన్‌కు ఒప్పుకుంటానా?

అసలు ఈ బండి మీద నాకు మోజు పుట్టింది కార్బురేటర్ల వల్ల. ఎంజీబీకి రెండు ఎస్‌యూ కార్బురేటర్లుంటాయి. వీటిని కనిపెట్టిన స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. తొలినాటి ఎస్‌యూలో లోపలి పిస్టన్‌కు బదులు తోలు తిత్తి ఉండేదంటే ఆశ్చర్యమేముంది! ఇంజిన్ గాలి పీల్చేకొద్దీ పిస్టన్ లేస్తుంది, దానితో సూదీ లేస్తుంది. సూది కొసకు సన్నబడుతుంది కాబట్టి పెట్రోలుకు దారి పెరుగుతుంది. అంతే యంత్రాంగం.

దీన్ని నేను మొదట చూసింది ఇక్కడ కాదు, విజయవాడ ఆటోనగర్‌లో. అంబాసిడర్ ఇంజినూ ఎంజీబీ ఇంజినూ ఒక తల్లి పిల్లలు. రెండూ బీఎంసీ కంపెనీ వాళ్ల బీ-సిరీసే, అంబాసిడర్‌ది 1489 సీసీ, దీనిది 1798. మైలేజీ పడిపోయినప్పుడల్లా మా పెదనాన్న తన అంబాసిడర్ తీసుకుని ఆటోనగర్ పోయేవాడు, వెనకసీట్లో నేను. అక్కడి మేస్త్రి బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆడుతుండగా, సన్నటి స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ పిస్టన్ రవ్వంత పైకెత్తి తలవంచి వినేవాడు. “ఏం మేస్త్రీ, ఏమైంది?” అని పెదనాన్న తొందరపెడితే, “ఉండండి బాబుగారూ, బండి ఏవంటదో విననీండి” అనేవాడు.

ఆయన వింటున్నదేమిటో నాకు ఇక్కడికొచ్చి మాన్యువల్ చదివాక గానీ అర్థం కాలేదు. పిస్టన్‌ను మిల్లీమీటరు లోపు ఎత్తగానే ఇంజిన్ వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు. ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఎంజీబీకి రెండుంటాయి గనక ముందు రెండింటి పీల్పూ సమం చెయ్యాలి. ఒక రబ్బరు గొట్టం ఇటు చెవి దగ్గరా అటు కార్బురేటర్ నోటి దగ్గరా పెట్టి, రెండింటి బుసా ఒకేలా వినిపించేదాకా తిప్పుతాం. దీనికి మీటర్లు దొరుకుతాయి. మాలో ఎవరూ కొనలేదు.

ఇలా చెవితో చేసే పనులన్నీ పోగొడతారా అని నేను గట్టిగానే అన్నాను. మా గుంపులో ఇక్కడి ఎంజీ ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. 1980లో అది మూతపడ్డప్పటికి కుర్రాడు. ఆయన చెప్పింది విన్నాక నా వాదం వీగింది. బాడీ స్విండన్‌లో తయారై, కౌలీలో రంగు వేయించుకుని, కోవెంట్రీ నుంచి ఇంజిన్ వస్తే, అబింగ్డన్‌లో వీళ్లు బిగించి చేతుల్తో నెట్టుకుంటూ లైను దాటించేవాళ్లట. ఏది అసలు, ఏది కొసరు? పైగా మనం వేద్దామంటున్న పాయింట్లూ కండెన్సరూ ఆనాటివా? ఇప్పుడు దొరికే కండెన్సర్లలో నాసిరకమే ఎక్కువ. ఇంజిన్ వేడెక్కగానే నడిరోడ్డు మీద మొండికేస్తాయి. ఆ మూత కిందే ఉండే రోటార్ ఆర్మ్‌లదీ అదే తంతు.

పైగా పాయింట్లు సర్దేది చెవితో కాదు, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో. అందులో పోయే విద్యేమీ లేదు. కాబట్టి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమన్నాను. మూత పెట్టేస్తే బయటికి కనిపించదు కూడా. కార్బురేటర్ల జోలికి మాత్రం ఎవరొచ్చినా ఊరుకోను.

మీరూ ఈ మార్పు చేయదలిస్తే ఒక్క మాట. 1967కు ముందటి ఎంజీబీలకు బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ అయివుంటుంది. కొట్లో ఆ సంగతి చెప్పి పాజిటివ్ ఎర్త్ రకమే అడిగి తీసుకోండి. నెగటివ్ ఎర్త్ రకం తగిలించారో, డబ్బు బూడిదే.