పూస బెజ్జం

మంటలో మెత్తబడిన గాజును చేత్తో ముట్టుకోలేం. అందుకే ఆ పనిలో అన్నిటికన్నా ముందు కావలసింది పిడి. వస్తువు తయారయ్యాక అది ఊడి రావాలి. మరీ గట్టిగా అతికితే తీసేటప్పుడు వస్తువే విరుగుతుంది. సరిగా అతకకపోతే మంటలో ఉండగానే జారి పడుతుంది.

విశాఖలో ప్రయోగశాలల గాజు సామాను చేసే ఒక పెద్దాయన పక్కన కూర్చుని ఈ పని చూశాను. ఎడమ చేతిలో వస్తువు ఆగకుండా తిరుగుతోంది. కుడి చేతిలో సన్నటి గాజు కడ్డీ, దాన్ని పంటీ అంటారు. కొసను ఎర్రగా కాల్చి, మంట బయట ఒక్క క్షణం ఆపి, అప్పుడు వస్తువు అడుగున సరిగ్గా నడిమధ్య ఆనించారు. ‘‘ఆ క్షణం ఆగకపోతే రెండూ ఒకటైపోతాయి బాబూ’’ అన్నారు. పని అయ్యాక అతుకును కాస్త చల్లారనిచ్చి కడ్డీ మీద చిన్న దెబ్బ వేస్తే టక్కున ఊడింది. మిగిలిన మచ్చను మంటకు చూపించి నునుపు చేసేశారు. అతికించేటప్పుడే ఎలా తీయాలో ఆలోచించి పెట్టుకోవడం, నా దృష్టిలో ఈ విద్య అంతా అక్కడే ఉంది.

పిడి కూడా అదే జాతి గాజు కావాలి. వేడికి బోరోసిలికేట్ గాజు తక్కువ వ్యాకోచిస్తుంది, మామూలు సోడా గాజు దానికి దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. రెండిటినీ కలిపితే చల్లారేటప్పుడు పగులు తప్పదు.

ఇదంతా చూసి వచ్చాక ఒడిశాలోని రాయగడ జిల్లా చటికోనలో బుధవారం సంతకు వెళితే నా కళ్లు పూసల మీదే ఉన్నాయి. నియమగిరి కొండల నుంచి దిగివచ్చే డొంగ్రియా కోందు ఆడవాళ్ల మెడ నిండా పూసల పేటలే. మల్కనగిరి వైపు బోండా స్త్రీలకైతే పూసల పేటలే నడుము పైభాగాన్ని కప్పే వస్త్రం. ఆ పేటలన్నీ దారానికి నిలబడుతున్నాయి. ఆ దారం వెళ్లే బెజ్జం ఎలా వచ్చింది?

దీపం మంట మీద చేసే పూసకు పిడి లోపలే ఉంటుంది. సన్నని ఉక్కు కడ్డీకి మట్టి పూత పూసి ఆరబెట్టి, దాని చుట్టూ కరిగిన గాజును చుడతారు. గాజు నేరుగా ఉక్కుకు తగిలితే ఇక వదలదు, మధ్యలో ఆ పూత ఉండాలి. మన కొరాపుట్ జిల్లా దమన్‌జోడిలో బాక్సైటు నుంచి తీసే తెల్లటి అల్యూమినా పొడి ఇలాంటి పూతల్లో వాడే సరుకే. 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి దీపం మంట దాన్నేమీ చేయలేదు. పూస మెల్లగా చల్లారాక నీళ్లలో నానబెట్టి మెలితిప్పితే పూత పొడిపొడిగా రాలిపోయి కడ్డీ బయటికొస్తుంది. కడ్డీ ఉన్న చోటే బెజ్జం. పంటీ మచ్చను చెరిపేస్తారు, ఈ మచ్చలో నుంచి మాత్రం దారం ఎక్కిస్తారు.

తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో దారి వేరు. అక్కడ బోలు ఇనుప గొట్టం కొసన గాజు ముద్దను శంకువులా పట్టి, గొట్టంలోంచి పొడవాటి ఊచ పంపి ముద్దను తొలుస్తారు. అవతలి వైపు నుంచి లాగుతూ పోతే ఆ తొర్ర గాజు గొట్టం పొడవునా సాగుతుంది. దాన్ని ముక్కలు కొట్టి, బెజ్జాలు మూసుకుపోకుండా బూడిద కూరి, మళ్లీ కాల్చి అంచుల పదును పోగొడతారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు పూసల మీద పనిచేసిన అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ పద్ధతిని చూసి వివరంగా రాసిపెట్టాడు. రాసిపెట్టినంత మాత్రాన చేయి రాదు గానీ, అదైనా మిగిలినందుకు నాకు ఆయన మీద ఎంతో కృతజ్ఞత.

పూసను వెలుగుకు పట్టి చూస్తే ఏ దారిలో పుట్టిందో చాలావరకు తెలుస్తుంది. చుట్టిన పూసలో గీతలు, గాలి బుడగలు బెజ్జం చుట్టూ తిరుగుతాయి. లాగిన పూసలో బెజ్జం వెంబడే సాగుతాయి. సంతలో చూడాలనిపిస్తే అమ్మేవాళ్ల రాశిలోంచి నాలుగు పూసలు కొనుక్కుని చూడండి, ఎవరి మెడలోదీ తీసి చూపించమని అడగకండి.