సీసపు గుండు పోసే విద్య

1776 జూలై 9న న్యూయార్క్ జనం బ్రిటన్ రాజు మూడో జార్జి విగ్రహానికి తాళ్లు కట్టి కూలదోశారు. అది సీసంతో పోసిన విగ్రహం. దాని ముక్కల్లో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌లో ఆలివర్ వుల్కాట్ అనే నాయకుడి ఇంటికి చేరింది. అక్కడ ఆడవాళ్లు, పిల్లలు కలిసి ఆ సీసాన్ని కరిగించి 42,088 తూటాలు పోశారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి కావలసిన సరుకు ఇళ్లలోనే తయారైందంటే, ఆ విద్య అప్పట్లో చాలా ఇళ్లలో ఉండబట్టే.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కట్టెల మంట, ఇనుప గరిటె, అచ్చు ఉంటే చాలు. చేత్తో చేసిన ఆనాటి తుపాకుల గొట్టాలు చాలావరకు ఒకే కొలతకు వచ్చేవి కావు. అందుకే తుపాకీ చేసిన పనివాడే దాని గొట్టానికి సరిపడే అచ్చునూ చేసిచ్చేవాడు. 1803లో అమెరికా పడమటి యాత్రకు సిద్ధమవుతూ అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ 52 సీసపు డబ్బాలు చేయించాడు. ఒక్కో డబ్బాలో 1.8 కిలోల తుపాకీ మందు పట్టేది. మందు అయిపోయాక డబ్బానే కరిగించి గుండ్లు పోసుకునేవారు. ఆ మందుకు సరిపడా గుండ్లు ఆ సీసంలోంచే వచ్చేవి.

మూతి నుంచి మందు దట్టించే రైఫిల్‌లో గుండు గొట్టం కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. 12.7 మిల్లీమీటర్ల గొట్టానికి 12.45 మిల్లీమీటర్ల గుండు వాడతారు. మిగిలిన సందును కొవ్వు పట్టించిన గుడ్డముక్క నింపుతుంది. గొట్టం లోపలి మెలికల గాళ్లను పట్టుకుని గుండును తిప్పేది ఆ గుడ్డే. సీసం మెత్తగా ఉంటేనే గుడ్డ నేత దాని మీద అచ్చుపడి పట్టు దొరుకుతుంది. అందుకే ఈ పనికి స్వచ్ఛమైన సీసాన్నే కోరుకుంటారు. యాంటిమొనీ కలిసిన సీసం గట్టిది. అదే అచ్చులో పోసినా గుండు కాస్త పెద్దదిగా, తేలికగా వస్తుంది.

పోత పోసేటప్పుడు కన్ను చురుగ్గా ఉండాలి. కరిగిన సీసంలో చిన్న మైనపు ముక్క వేసి కలిపితే మలినాలు తెట్టులా పైకి తేలతాయి. వాటిని తీసేయాలి. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది, మరీ వేడెక్కితే పైన తెల్లటి మసక కమ్ముతుంది. మొదటి కొన్ని గుండ్లు అచ్చును వేడెక్కించడానికే, అవి మళ్లీ మూకుడులోకే వెళ్తాయి. ధార తెగకుండా పోయాలి. లోపల గాలి బుడగ మిగిలితే కంటికి కనబడదు, త్రాసు మాత్రం పట్టిస్తుంది. పైన చెప్పిన గుండు దాదాపు 11.5 గ్రాములు తూగాలి. తక్కువ తూగితే గురి తప్పుతుంది.

నేటి అల్యూమినియం అచ్చులు తొందరగా వేడెక్కుతాయి, పోత తోకను కత్తిరించే పలక కూడా వాటికి అమర్చి ఉంటుంది. పాత ఇత్తడి, ఇనుప అచ్చులు నిదానంగా వేడెక్కినా ఆ వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటాయి. ఏది వాడినా జాగ్రత్తలు మాత్రం మారవు. ఒక్క నీటి చుక్క పడితే ఆవిరి పేలి సీసం చిమ్ముతుంది. సీసం విషం కాబట్టి ఆరుబయట గాలి ఆడే చోటే పోయాలి, పిల్లల్ని దరిదాపులకు రానివ్వకూడదు, చేతులు కడగనిదే తిండి ముట్టకూడదు. వుల్కాట్ ఇంటి పిల్లలకు ఈ హెచ్చరిక అంది ఉండకపోవచ్చు. మనకు తెలుసు కనుక పాటించి తీరాలి.

1933లో ఏర్పడిన అమెరికా మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్‌లో ఇప్పటికీ పోటీలు జరుపుతోంది. కొనుక్కోవడానికి గుండ్లు దొరుకుతున్నా, స్వయంగా పోసుకునేవారు ఉన్నారు. తన తుపాకీకి ఏ కొలత, ఏ బరువు నప్పుతుందో పోసిన మనిషికి తెలుస్తుంది. గురి తప్పినప్పుడు కారణాన్ని గుండు దాకా వెతికి పట్టుకుని, అదే సీసంతో మళ్లీ సరిగ్గా పోయగలడు. తప్పును దిద్దుకునే ఆ అధికారం పనివాడి చేతిలోనే ఉంచుతుంది కాబట్టే ఈ విద్య నిలబెట్టుకోదగ్గది.