పావు మైలుకు ఎంత పైపు?

నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో లేత్ షాపులకు కొదవ లేదు. అల్యూమినియం గొట్టం ఏ సైజులో కావాలన్నా తిప్పి ఇస్తారు. డ్రాగ్ కారు కట్టుకునేవాళ్లకు చిక్కు వచ్చేది ఈ సౌకర్యంతోనే. ఏ సైజైనా దొరుకుతుంది కాబట్టి కూలెంట్ పైపు ఏ సైజుండాలో ఎవరూ అడగరు. హార్స్‌పవర్ పెంచాం కదా, పైపూ లావు చేద్దామని కొందరు. బరువు తగ్గుతుంది, బానెట్ ఎత్తితే నీలం, ఎరుపు ఫిట్టింగులు తళతళలాడతాయని సన్నవి వేసేవాళ్లు కొందరు. రెండూ తప్పే. అయితే మొదటిది డబ్బు దండగతో పోతుంది, రెండోది ఇంజన్ హెడ్ దాకా వస్తుంది.

ముందు వేడి లెక్క చూద్దాం. 200 హార్స్‌పవర్ అంటే సుమారు 150 కిలోవాట్లు. అందులో సగమంత వేడి నీళ్లలోకి దిగుతుందనుకుంటే, పావు మైలుకు, అంటే 402 మీటర్లకు పట్టే 13 సెకన్లలో దాదాపు 975 కిలోజౌళ్లు. 6 లీటర్ల నీళ్లు, 50 కిలోల అల్యూమినియం కలిసి ఒక్క డిగ్రీ పెరగడానికి 70 కిలోజౌళ్లు తాగుతాయి. అంటే రేడియేటర్ ఏ పనీ చేయకపోయినా పెరిగేది 14 డిగ్రీలు. ఇది చూసి ‘మరి పైపుల గొడవెందుకు, అమెరికాలో టాప్ ఫ్యూయెల్ కార్లు నీళ్లే లేకుండా పరిగెడుతున్నాయి కదా’ అనవచ్చు. నిజమే, వాటి ఇంజన్ దిమ్మెలో నీటిదారులే ఉండవు. కానీ వాటిని చల్లబరిచేది అవి ధారగా తాగే నైట్రోమీథేన్. పైగా ప్రతి పరుగు తర్వాతా ఇంజన్ విప్పి మళ్లీ బిగిస్తారు. పెట్రోలు మీద నడిచే మన కారుకు ఆ వసతి లేదు.

ఈ 14 డిగ్రీలు ఇంజన్ మొత్తానికి సగటు. ప్రమాదం సగటులో ఉండదు, ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉంటుంది. అక్కడ నీళ్లు ఆగకుండా కదలాలి. కదిలించేది పంపు. పంపుకు నీళ్లందించేది రేడియేటర్ అడుగు నుంచి వచ్చే కింది పైపు. 7000 ఆర్‌పీఎమ్ దగ్గర పంపు బలంగా లాగుతుంటే ఆ పైపులో ఒత్తిడి పడిపోతుంది. మెత్తబడిన రబ్బరు లోపలికి నొక్కుకుపోతుంది. యాక్సిలరేటర్ వదలగానే మళ్లీ గుండ్రంగా అవుతుంది. బానెట్ ఎత్తి చూసేవాడికి సాక్ష్యమేమీ దొరకదు. పైపు నొక్కుకుపోకపోయినా, సన్నదైతే పంపు మూతి దగ్గరే నీళ్లు ఆవిరి బుడగలవుతాయి. సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున్న ఉప్పల్‌లో నీళ్లు అసలే 98 డిగ్రీల చుట్టూ మరుగుతాయి. రేడియేటర్ మీది 1.1 బార్ మూత ఆ హద్దును 120 దాకా పెంచుతుంది. అదే మూత వదులైతే ఏ పైపూ కాపాడలేదు.

ఇక సైజు. ఒకే పొడవు పైపులో అన్నే నీళ్లు పోవాలంటే, నష్టపోయే ఒత్తిడి వ్యాసం తగ్గేకొద్దీ దాదాపు అయిదో ఘాతంలో పెరుగుతుంది. రేసింగ్ ఫిట్టింగుల్లో 16 నంబరు అంటే అంగుళంలో పదహారో వంతులు 16 అని అర్థం. అది గొట్టం బయటి కొలత. లోపల దొరికేది 22 మిల్లీమీటర్లే. 32 మిల్లీమీటర్ల పైపు తీసేసి ఇది వేస్తే దారి సగానికన్నా తక్కువవుతుంది, నష్టం ఆరు రెట్లు దాటుతుంది. లావు చేయడంలో ఇంత లాభం రాదు. మేడ మీది ట్యాంకు నుంచి రెండంగుళాల పైపు దింపినా అరంగుళం కొళాయి అరంగుళం నీళ్లే ఇస్తుంది. ఇంజన్ మూతి 32 ఉన్నప్పుడు 45 పైపు వేసినా అంతే.

‘నీళ్లు మరీ వేగంగా పోతే రేడియేటర్‌లో చల్లారే టైమ్ ఉండదు’ అనే మాట షెడ్డుల్లో బాగా వినిపిస్తుంది. తిరిగేవి అవే నీళ్లు. ఒక చుట్టులో రేడియేటర్‌లో తక్కువసేపుంటే, నిమిషానికి ఎక్కువ చుట్లు తిరుగుతాయి. మొత్తం మీద అక్కడ గడిపే సమయం అంతే. థర్మోస్టాట్ తీసేశాక కొన్ని కార్లు నిజంగానే వేడెక్కుతాయి. దానికి కారణం రేడియేటర్‌ను తప్పించే బైపాస్ దారి తెరుచుకుని ఉండిపోవడం. నింద మాత్రం వేగం మీద పడుతుంది.

కాబట్టి ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే పై పైపు ఇంజన్ మూతి సైజులోనే ఉండనివ్వండి. కింది పైపు పంపు మూతికన్నా ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గనివ్వకండి, అది నొక్కుకుపోకుండా ఆపే లోపలి స్ప్రింగు తీసేయకండి. మిగిలిన డబ్బు ఫ్యాను మీద పెట్టండి. మే నెల ఎండలో స్టార్ట్ లైను దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు పని చేసేది అదే.